లక్ష్మీరాజం చదివిన కాగితాలు

బాలలక్ష్మి కాన్పు కష్టమైంది. రక్తం కావాలని మంచిర్యాల ఆసుపత్రి డాక్టరమ్మ అనగానే చాంద్‌పాషా చొక్కా చేతులు మడిచాడు. బాలలక్ష్మి భర్త లక్ష్మీరాజం అతని భుజం పట్టుకుని ఆపాడు. ఇంకెవరినైనా చూద్దామన్నాడు. చాంద్‌పాషా వినలేదు, పరీక్షకు రక్తమిచ్చాడు.

ఇద్దరూ గనులకు రబ్బరు బెల్టులు చేసే ఫ్యాక్టరీలో పదేళ్లు జిగురు గదిలో ఉన్నారు. జిగురులో బెంజీన్ అనే ద్రావకం కలిపేవారు, చేతుల మరకలూ దానితోనే కడుక్కునేవారు. ఏడాది కింద యాజమాన్యం ఆ గదిలోని పదమూడు మందికీ రక్త పరీక్షలు చేయించి ఇంగ్లీషు కాగితాలు పంచింది. ఇంగ్లీషు వచ్చింది లక్ష్మీరాజం ఒక్కడికే. తన రక్తమొక్కటే పలుచబడిందని, మిగతా పన్నెండు మందిదీ బాగుందని చదివి చెప్పాడు. చాంద్‌పాషాయే అందరినీ వెంటేసుకుని వెళ్లి, లక్ష్మీరాజాన్ని స్టోరుకు మార్చమని మేనేజరును బతిమాలాడు. అతని పని కూడా తానే మీదేసుకున్నాడు.

అరగంటలో డాక్టరమ్మ బయటికొచ్చింది. చాంద్‌పాషా రక్తంలో తెల్ల కణాలు సగం కూడా లేవని, అది కాన్సర్‌కు దారి కావచ్చని, వెంటనే హైదరాబాద్ పోవాలని చెప్పింది.

"పోయినేడు మంచిగనే ఉండె మేడమ్." జేబులోంచి నలిగిన కాగితం తీసి చూపించాడు.

ఆమె చదివింది. "మంచిగున్నదని ఎవరు చెప్పిన్రు? జిగురు పని బంద్ చెయ్యాలని ఈ కాగితంలనే రాసున్నది."

లోపల బాలలక్ష్మి మూలిగింది. లక్ష్మీరాజం ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లి రక్తమిచ్చే మంచం మీద పడుకుని చెయ్యి చాచాడు. అతని రక్తం కలిసింది, ఏ లోపమూ లేదు.

సీసా నిండుతుండగా చాంద్‌పాషా పక్కన నిలబడ్డాడు.

"మేనేజరే అట్ల చదువుమన్నడు పాషా. స్టోరుల ఏస్తనన్నడు. నాకు పిల్లలున్నరు."

"నాతోనే అర్జీ పెట్టిచ్చినవు గదా రాజన్నా. నీ పని సుత నేనే చేస్తి. ఇంకెందరియి అట్ల చదివినవ్?"

లక్ష్మీరాజం కళ్లు మూసుకున్నాడు. "ఐదుగురియి."

"పేర్లు చెప్పు."

చెప్పాడు. చాంద్‌పాషా డాక్టరమ్మ చేతిలోంచి తన కాగితం తీసుకున్నాడు. మరో ఐదుగురిని తీసుకొస్తానని ఆమెతో చెప్పి ఫ్యాక్టరీ బస్సెక్కాడు. అతను చేరేసరికి రెండో షిఫ్టు మొదలవబోతోంది. జిగురు గది తలుపుకు అడ్డంగా నిలబడి మొదటి పేరు పిలిచాడు.

"భూమన్నా, లోపలికి పోకు."