తెరకు లోపలి వైపు

నేను ఒక అట్ట తెరను. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆట మొదలు కావాలి. గురువారం ఉదయం, నా వెనక కూర్చుని ఆట నడపాల్సిన సుజిత్ పోయాడు. అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ రోజు ఇంటికి చాలామంది వచ్చారు. బల్ల మీద ఉన్న నన్ను మాత్రం ఎవరూ కదపలేదు. అతను నిలబెట్టి వెళ్లిన చోటే, సగం తెరుచుకుని ఉండిపోయాను.

నేను పుట్టుకతో తెరను కాను. ఇల్లందులో ఒక ఉన్నత పాఠశాల గోడకు వేలాడిన జీర్ణవ్యవస్థ పటాన్ని. సుజిత్ అక్క వసుంధర అక్కడ జీవశాస్త్రం చెబుతుంది. నా మీద రంగులు వెలిసిపోయి, పిల్లలు కాలేయాన్ని చూపించి జీర్ణాశయం అనడం మొదలుపెట్టాక, నన్ను ఇంటికి తెచ్చి బీరువా వెనక పెట్టింది. దళసరి అట్ట కావాల్సి వచ్చి తమ్ముడు నన్ను బయటికి తీశాడు. మూడు ముక్కలుగా కోసి, గుడ్డ టేపుతో కలిపి, పుస్తకంలా మడిచే వీలు కల్పించాడు. ఖాళీగా ఉన్న వైపు అడవిలో ఒక పాత బడి బొమ్మ వేశాడు. అది ఆడేవాళ్ల వైపు. పేగుల బొమ్మ ఉన్న వైపు అతనిది. తన రహస్యాలన్నీ దాని మీదే అంటించుకున్నాడు.

వాళ్ల ఆటకు గళ్ల పలక లేదు, పావులు లేవు. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. తలుపు తీస్తారా, పారిపోతారా అన్నది వాళ్ల ఇష్టం. తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది పాచికల ఇష్టం. కథ భయపెట్టేదై ఉండాలి. మనుషులకు ఉన్న భయాలు చాలక, ఆదివారం పూట పకోడీలు పెట్టుకుని కొత్తవి తయారు చేసుకుంటారేమిటా అని మొదట్లో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఆటలోని భయాన్ని ఎవరైనా 'ఆపు' అంటే ఆపేస్తారు. అలాంటి భయం మనుషులకు ఇంకెక్కడా దొరకదు.

ఆడేవాళ్లు ముగ్గురు. వసుంధర, సుజిత్‌తో కలిసి చదువుకున్న ఇమ్రాన్, వాళ్లిద్దరి స్నేహితురాలు స్టెల్లా. స్టెల్లా ఖమ్మంలో నర్సు. ఆటకు నెల ముందు సుజిత్ వాళ్లను కూర్చోబెట్టి తలా ఒక చీటీ ఇచ్చాడు.

"కథల ఏది రావద్దో అది రాయున్రి. ఎందుకు వద్దో రాయొద్దు. నేనొక్కన్నే చూస్త. ఎవ్వల్నీ అడగ."

"మా షాపు ఓనరు రావద్దని రాయొచ్చారా?" అన్నాడు ఇమ్రాన్.

"రాయి. తీసేస్త."

"వీడు బొద్దింక అని రాస్తడు చూడు," అంది స్టెల్లా. "హాస్టల్ల కుర్చీ ఎక్కి నిలబడేటోడు."

"టీచరక్కా, జర అటు తిరుగు. నువ్వు చూస్తుంటే నాకు స్లిప్ టెస్ట్ రాస్తున్నట్టున్నది," అన్నాడు ఇమ్రాన్.

వసుంధర నవ్వి అటు తిరిగింది. తన చీటీ నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది.

సుజిత్ ఆ చీటీలను నా లోపలి వైపు గుండుసూదులతో గుచ్చాడు. అప్పటికే అతను మూతపడిన బొగ్గుగని కథ పద్దెనిమిది పేజీలు రాసుకున్నాడు. ఇమ్రాన్ చీటీలో 'భూమి లోపల' అని ఉంది. వాళ్ల నాన్న గనిలో పనికి దిగి తిరిగి రాలేదు. పద్దెనిమిది పేజీలూ పక్కన పెట్టేశాడు. పాడుబడిన ఆసుపత్రి కథ ఎత్తుకుందామనుకుని వసుంధర చీటీ విప్పాడు. 'ఆసుపత్రి వరండా' అని గుండ్రటి అక్షరాల్లో ఉంది. వాళ్లమ్మ ఆఖరి పదకొండు రోజులు ఆమె అలాంటి వరండాలోనే కూర్చుంది. అతను ఆ చీటీని చాలాసేపు చూసి, ఆ కథ కూడా వదిలేశాడు. స్టెల్లా చీటీలో 'పసిపిల్లల ఏడుపు' అని ఉంది. అది ఏ కథలోనూ లేదు, ఇక రాదు కూడా.

మూడో కథ ఎన్నికల డ్యూటీ మీద. అడవిలో ఒక పాత బడిలో పోలింగ్ కేంద్రం. ముగ్గురు ఉద్యోగులు ముందు రోజే ఓట్ల పెట్టెలతో వచ్చి దిగుతారు. తెల్లవారి చూస్తే ఓటర్ల జాబితాలో అందరూ చనిపోయినవాళ్లే. వాళ్లే ఓటరు చీటీలు పట్టుకుని వరుసలో నిలబడి ఉంటారు.

అక్కకు కథ తెలియకూడదు. కానీ ఎన్నికల డ్యూటీ సంగతులు అక్కనే అడగాలి. వంటింట్లోకి వెళ్లి ఏమీ ఎరగనట్టు అడిగేవాడు.

"అక్కా, సిరా ఏ చేతికి పెడ్తరు?"

"ఎడమ చేతికి. ఎందుకురా?"

"ఊకనే."

"ఊకనే అడిగేటోడివి రాసుకుంటున్నవెందుకు?"

జిరాక్స్ సెంటర్లో పని అయ్యాక వచ్చి నా వెనక కూర్చుని గొంతు మార్చి చదువుకునేవాడు. ఎవరికీ భయం వేయకపోతే ఎలా అన్నది అతని భయం. కథంతా అయింది, ముగింపు ఒక్కటే మిగిలింది. ఆ పేజీ పైన ఇలా రాసుకున్నాడు: 'వాళ్లను లోపలికి రానివ్వాలా, పంపించెయ్యాలా? ముగ్గురి ముఖాలు చూసి చెప్పాలి.'

ఆటకు ఆరు రోజుల ముందు, సోమవారం, అతనికి జ్వరం వచ్చింది. నా వెనక మాత్ర వేసుకుని, ఖాళీ పట్టీని నా మడతలో దూర్చాడు. మంగళవారం రెండో పట్టీ. గొంతు అలా ఉందేమిటని అక్క అడిగితే, దయ్యం గొంతు ప్రాక్టీస్ చేశానన్నాడు. తర్వాత ఫోన్లో ఇమ్రాన్‌తో మెల్లగా అన్నాడు: "దవాఖానకు పోతే అక్క ఎంబడి వస్తది. ఆ వరండాల ఆమె కూసోలేదురా. ఆదివారం దాటనీ, నేనే పోతా. నువ్వేం చెప్పకు."

చీటీలు ఆటకు మాత్రమే. ఆ నియమం పెట్టినవాడు అతనే. అక్క రాసిన చీటీని మాత్రం ఇంటికి కూడా వర్తింపజేశాడు.

బుధవారం జిరాక్స్ యంత్రం దగ్గరే పడిపోయాడు. వసుంధర ఖమ్మంలో ఆసుపత్రి వరండాలోనే కూర్చుంది. డెంగీ అన్నారు. రెండు రోజుల ముందు తేవలసిందన్నారు.

నెల దాటాక స్టెల్లా, ఇమ్రాన్ వచ్చారు. వాడు అంత కష్టపడి రాసింది ఒక్కసారన్నా ఆడదామన్నారు. కథ తాను చెబుతానంది వసుంధర. తమ్ముడి పని సగంలో ఆగిపోవడం ఆమెకు ఇష్టం లేదు. పాఠం తయారు చేసుకున్నట్టే తయారైంది. బడి నుంచి రాగానే నా లోపలి వైపు కూర్చుని, ఏ పేజీ తర్వాత ఏ పేజీయో పెన్సిల్‌తో అంకెలు వేసుకుంది. తాను చూడకూడని చీటీలు చూసింది. చనిపోయినవాళ్ల మాటలు పైకి చదివి, ఎక్కడ ఆగాలో గుర్తులు పెట్టుకుంది. ఒకరోజు నన్ను సరిగ్గా నిలబెట్టబోతే మడతలోంచి జ్వరం మాత్రల ఖాళీ పట్టీలు రెండు రాలాయి. వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టింది. తన చీటీ వైపు చూసింది. ఆ రోజు ఇంకేమీ చదవలేదు.

ఆదివారం మూడింటికి ఇద్దరూ వచ్చారు. స్టెల్లా పాచికలు తీసింది. వసుంధర నా వెనక కూర్చుని మొదటి పేజీ విప్పింది. మొదటి వాక్యం చదివింది. రెండోది చదవలేదు. నన్ను మడిచి బల్ల మీద పడుకోబెట్టింది. అప్పుడు వాళ్లకు ఆమె ముఖం కనిపించింది.

"వాడికి పడిపోకముందు నుంచే జ్వరమున్నది," అంది. "నన్ను దవాఖానకు తీసుకపోవలసి వస్తదని చెప్పలేదు. నేను ఆ చీటీ ఆటకు రాసిన. ఆటకు మాత్రమే రాసిన."

స్టెల్లా లేచి ఆమె పక్కన కూర్చుంది. ఇమ్రాన్ తల ఎత్తలేదు.

"నాకు తెలుసక్కా," అన్నాడు. "మంగళవారం ఫోన్ చేసిండు. చెప్పొద్దన్నడు. చెప్పకపోతి."

"నాకన్నా చెప్పకపోతివిరా," అంది స్టెల్లా. "నర్సును. నాకు చెప్పకపోతివి."

ఇమ్రాన్ ఏడుస్తున్నాడు. ఏం చెయ్యాలో తోచక, పాచికలను ఒక్కొక్కటిగా సంచిలో వేస్తున్నాడు. వసుంధర అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యి. వాడు చెప్పొద్దన్నడు, నువ్వు మాట నిలబెట్టుకున్నవ్. తిన్నవా పొద్దున?"

అతను లేదన్నట్టు తల ఊపాడు. ముగ్గురూ వంటింట్లోకి వెళ్లారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వాళ్లు వస్తున్నారు. అన్నం తింటారు, అతని మాటలు చెప్పుకుంటారు, ఒక్కోసారి నవ్వుతారు కూడా. వచ్చే వారం మొదలుపెడదామంటుంది వసుంధర. నన్ను నిలబెడుతుంది, పేజీలు సర్దుతుంది, చివరి పేజీ దగ్గర ఆగిపోతుంది. ముగ్గురి ముఖాలు చూసి చెప్పాలని తమ్ముడు రాశాడు. నా వెనక నుంచి చూస్తే ఆమెకు కనిపించేవి రెండే. మూడోది తనది.

ఆ వాక్యం కింద కాగితం ఖాళీగా ఉంది. వరుసలో నిలబడినవాళ్లను లోపలికి రానివ్వాలో, పంపించెయ్యాలో ఇంకా ఎవరూ రాయలేదు.