పఠనమందిరపు పనసబల్ల

శరత్కాలము ప్రవేశించి పదియేను దినములయ్యెను. నెలల తరబడి మింటిని గప్పియున్న కాఱుమొగిళ్లు తొలగి ధౌతవస్త్రమువలె నిర్మలమైన గగనమండలమునుండి బాలభానుని కాంచనకిరణములు ప్రసరించుచుండ వర్షార్ద్రతచే నుబ్బి బిగిసిన పురగృహముల తలుపులు క్రమక్రమముగా నారి తమతమ చట్రములయందు నిరాటంకముగా గదలసాగెను. నదీసైకతములు రెల్లుపూవుల ధవళకాంతిచే నవ్వుచున్నట్లుండెను.

అట్టి యొక ప్రభాతమున నాగవరమను చిన్నపట్టణమందలి పఠనమందిరము ముంగిట నొక యెడ్లబండి వచ్చి నిలిచెను. గోనెపట్టలు చుట్టి భద్రముగా నుంచబడిన పసిమివన్నె పనసపలకలును నాలుగు కాళ్లును నాలుగు పట్టెలును నా బండియందుండెను. వాని వెంట వడ్రంగి కొమ్మోజు సోమలింగాచారియు నాతని కోడలు కామాక్షియు దిగిరి. పండ్రెండుగురు చదువరులు చుట్టును గూర్చుండదగిన యా దీర్ఘమైన బల్ల యిరుకైన మందిరద్వారమున బట్టదు గావున నింటికడ నవయవములకు వేఱువేఱుగా లక్కమెరుగు పెట్టి యారబెట్టి తెచ్చి లోపలనే కూర్పవలసివచ్చెను.

సోమలింగాచారి యఱువదినాలుగేండ్ల వృద్ధుడు. అతడు తొలిచిన బెజ్జమున నాతడు చెక్కిన కుసి యను కొయ్యమొన దిగెనేని నడుమ వెండ్రుకకైనను జోటుండదని యా ప్రాంతమున గొప్ప ప్రతీతి గలదు. అట్టివాని కన్నులకు మూడేండ్ల క్రిందట మసక గ్రమ్మెను. చూపు పోయిన వడ్రంగిని బిలుచువా రుండరను భయమున నాతడా సంగతి నెవ్వరికిని జెప్పక యభ్యాసబలముచే బని సాగించుచుండ నొకనాడు తాను జేసియిచ్చిన తొట్టియుయ్యాల కుసి జాఱి విడిపోయి యందలి శిశువు పరుపుతోగూడ నేలపై బడెను. దైవానుగ్రహమున దెబ్బ తగులలేదు. ఆ శిశువు తల్లి యాతనిని బల్లెత్తు మాటయైన ననలేదు. అయినను నాటినుండి యాచారి నడుమునొప్పియని నెపము చెప్పి పెద్దపను లన్నియు మానుకొనెను. కంటినిండ నిద్రయు మానెను.

పఠనమందిర స్థాపకుడును విశ్రాంత ప్రధానోపాధ్యాయుడునైన అయ్యగారి జోగారావు పంతులు వేసవియందు స్వయముగా నాతని యింటికి వచ్చి బల్ల చేసిపెట్టుమని యడిగెను. ఆచారి యెప్పటి నెపమునే చెప్పబోవుచుండ నాతని చూపు సంగతి తనంతట గ్రహించియున్న కామాక్షి తలుపుచాటునుండి యాతనికి మాత్రమే వినబడునట్లు మెల్లగా,

“ఒప్పుకోండి మావయ్యా. గీతలు నేను గీస్తాను” అనెను.

ఆమెయు వడ్రంగి బిడ్డయే. భర్త దూరదేశమున రైలు కార్ఖానాయందు బనిచేయుచుండ నామె మామగారికడ నుండెను. బాల్యమున దండ్రికడ నేర్చిన విద్య యామె వ్రేళ్లనుండి తొలగిపోలేదు. నాలుగు మాసము లామె కొలతలు వేసి సీసపుకడ్డి గీతలకు మాఱుగా గత్తిమొనతో గలపపై సన్నని గాట్లు పెట్టుచువచ్చెను. ఆచారి యా గాట్లను బొటనవ్రేలి గోటితో దడవి తెలిసికొని రంపమును నులిని నడిపెను. ఈ రహస్యము వా రిరువురికి దక్క నన్యులకు దెలియదు.

పంతులును బదిమంది పురజనులును జూచుచుండ నాచారి తలపాగ బిగించి కూర్పున కారంభించెను. కామాక్షి ద్వారబంధమునకు జేరబడి నిలిచెను. మొదటి కాలియందు బట్టె కుసి కొయ్యసుత్తి యొక్క దెబ్బకే మృదుధ్వనితో దిగెను. రెండవ కాలియందును మూడవ కాలియందును నట్లే దిగెను. నాలుగవ కాలికడ గుసి సగము దిగి యాగిపోయెను. ఆచారి మెల్లగా దట్టెను. కదలలేదు. వెలికి దీసి బెజ్జమున వ్రేలు పెట్టి తడవెను. వ్రే లడుగున కందలేదు. మఱల దిగవేసెను. మఱల నచ్చటనే యాగెను.

“అంత పేరున్న చెయ్యి, ఏటిలా అయిపోయింది?” అని యొకడు పొరుగువానితో గుసగుసలాడెను.

ఆచారి చెవులు కన్నులవలె మందగించినవి కావు. ఆ మాట యాతని గుండెలో ములుకువలె నాటెను. నుదుట జెమటలు గ్రమ్మ రోషవివశుడై యాతడు సుత్తిని దలపైకెత్తెను. ఆ దెబ్బ పడెనేని కాలు నిలువున జీలి నాలుగు మాసముల శ్రమ వ్యర్థమగును.

“ఆగండి మావయ్యా! కొట్టకండి!” అని కామాక్షి యఱచెను.

ఎత్తిన చేయి నిలిచిపోయెను. పంతులు సమీపించి, “లోపల ఏదైనా అడ్డుపడిందేమో చూడవయ్యా ఆచారీ” అనెను.

కలప చెమ్మగిలినదని చెప్పి మఱునాటికి వాయిదా వేయవచ్చునని యాచారికి దోచెను. ఆ మాట నాలుక చివరకు వచ్చెను. కాని నేలపై బడిన శిశువు నేడుపు మనసున మెదలగా నాతడు సుత్తిని గ్రింద బెట్టి లేచి నిలిచెను.

“చూడలేనండి పంతులుగారూ. నా చూపు పోయి మూడేళ్లయింది. ఎదర ఓ మనిషున్నాడని తెలుస్తాది గాని మొహం తెలీదు. ఈ బల్లకి కొలతలన్నీ మా కోడలే వేసింది. ఆ పిల్ల గాట్లు పెడితే నేను గోటితో తడుముకుని కోశాను. ఇన్నాళ్లూ మీ అందరికీ దాచేను.”

పంతులు క్షణకాల మాతని ముఖమును బరికించి చూచెను.

“అయితే ఆ అమ్మాయిని గుమ్మంలో నిలబెట్టేవేమిటయ్యా? లోపలికి రా తల్లీ, నువ్వే చూడు.”

కామాక్షి లోపలికి వచ్చి కాలిని గవాక్షము వెలుతురునకు వంచి బెజ్జములోనికి దొంగి చూచెను.

“మెరుగు పెట్టినప్పుడు లక్క కారి అడుగున గడ్డకట్టిందండి. అంతే. కొలత తప్పలేదు మావయ్యా.”

కొలత తప్పలేదను నా మాట చెవిని బడినంతనే యాచారి వక్షమునుండి దీర్ఘనిశ్వాసము వెడలెను. ఆమె సన్నయులితో లక్కగడ్డను బెకలించి యూది తుడిచి కాలిని నిలువబెట్టి పట్టుకొనెను. ఆచారి సుత్తితో నొక్క దెబ్బ కొట్టెను. కుసి మొదలంట దిగెను. అటుపై నిరువురును బలకలు పఱచి కొయ్యచీలలు బిగించిరి. పంతులు పొరుగింటినుండి నిమ్మపండు దెప్పించి బల్ల నలుమూలలను నడుమను నుంచి చూచెను. అది యెచ్చటను దొరలలేదు.

“గోడవారకి రెండు పుస్తకాల బీరువాలు కావాలి. నీతో మాట్లాడాలా, మీ కోడలితోనా?” అని పంతులడిగెను.

“ఇద్దరితోటీనండి” అని యాచారి నవ్వెను. మూడేండ్లకు నవ్విన నవ్వది.

“సరే. వచ్చే వారం నాతో పట్నం ఆస్పత్రికి రా. కంట్లో శుక్లాలేమో. నాకూ వస్తే తీయించుకున్నాను. చెప్పి ఉంటే ఎప్పుడో తీసుకెళ్లేవాణ్ణి కదయ్యా!”

ఆచారి చేతులు జోడించెను. తన లోపమును బయలుపఱచినచో లోకము తన్ను విడుచునని వెఱచి మూడేండ్లు దుఃఖించినవానికి లోకము చేయి యందించుటకు మూడు నిమిషములైన బట్టకపోవుట వింతగా దోచెను.

మధ్యాహ్నమయ్యెను. కామాక్షి పనిముట్లు సర్దుచుండెను. గోడకు జేరగిలబడిన వృద్ధుడు మాటల నడుమనే కన్నులు మూసి గాఢనిద్రలో మునిగెను. చదువరు లొక్కరొక్కరుగ వచ్చి క్రొత్త బల్లచుట్టును గూర్చుండిరి. పంతులు పెదవులపై వ్రేలుంచి యందఱకు సైగ చేసెను. ఆచారి గుఱ్ఱు మందిరమంతయు నిండుచుండ వారు పత్రికల పుటలను జప్పుడు గాకుండ ద్రిప్పుచుండిరి.