రానివాడు రాసిన పాట

ప్రభుదాస్ పాట బయటికొచ్చిన మూడు నెలలకే సూర్యాపేటలో అది వినబడని సందు లేకుండా పోయింది. ఆటోల్లో అదే, వరికోత మిషన్ల మీద అదే. ఒక పెళ్లి బరాత్‌లో కూడా డీజే వాడితో అదే పెట్టించుకుని, కుర్రాళ్లు కళ్లు తుడుచుకుంటూ ఎగిరారట. ముప్పై ఐదేళ్ల ప్రభుదాస్‌కు కొత్త బస్టాండు వెనుక మోటర్లు వైండింగ్ చేసే చిన్న షాపు ఉంది. మోటరు కాలిపోయి వచ్చిన రైతులు కూడా ఇప్పుడు ముందు అతని ముఖం చూసి, "ఆ పాట నీదేనంట గదా" అని అడిగి, తర్వాతే మోటరు దించుతున్నారు.

పాట రాయించింది బద్రీనాథ్. షాపు పైనున్న గదిలో అతను స్టూడియో పెట్టి, యూట్యూబ్‌లో లవ్ ఫెయిల్యూర్ పాటలు వదులుతుంటాడు. చర్చిలో చిన్నప్పటి నుంచి పాడిన గొంతు ప్రభుదాస్‌ది. పని చేసుకుంటూ కూనిరాగం తీస్తుంటే మెట్ల మీద నిలబడి విన్నాడు బద్రీనాథ్. ప్రభుదాస్ సొంతంగా కట్టుకున్న పాటలు నాలుగైదు ఉన్నాయని తెలుసుకుని, ఒకటి కొత్తది రాయమన్నాడు. ఊహించి రాస్తే జనం పట్టేస్తారనీ, నిజంగా జరిగిందే రాయమనీ మరీ మరీ చెప్పాడు. ప్రభుదాస్ ఆ మధ్యాహ్నమే, రాగి తీగ చుట్ట పక్కకు జరిపి, బిల్లు పుస్తకం వెనుక రాశాడు.

*కోదాడ బస్టాండుల కూసుంటి నీకోసం,*
*పొద్దు వాలిపాయె పిల్లా, రాకపోతివి.*
*ఎడమ సేతి కాలిన మచ్చ ముద్దాడినోన్ని*
*ఎట్ల మరిసిపోతివే, ఎవని ఎంట పోతివే.*

బస్టాండు నిజం. మచ్చ నిజం. ఆ రోజు కూడా నిజమే. అక్కడ కూర్చున్నది మాత్రం ఆ పిల్ల.

ఆమె పేరు శ్రీలత. హుజూర్‌నగర్ దగ్గరి పల్లె. తల్లిదండ్రులు లేక మేనమామ ఇంట్లో పెరిగింది. సూర్యాపేటలో డిగ్రీ చదివేటప్పుడు ఇద్దరికీ పరిచయం. ఆమె ఎడమ మణికట్టు మీద, చిన్నప్పుడు గంజి ఒలికి కాలిన మచ్చ ఒకటి చింతాకు పొడుగున ఉండేది. మేనమామ వేరే సంబంధం చూస్తున్నాడని తెలిసి, కోదాడ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకుందామని ఇద్దరూ అనుకున్నారు. కోదాడలో తెలిసినవాళ్లు ఉండరని ధైర్యం. పదమూడేళ్ల కిందటి మాట.

చెప్పిన రోజు ప్రభుదాస్ సూర్యాపేటలో బస్సెక్కాడు. కొత్త చొక్కా తొడుక్కున్నాడు. సగం దూరం పోయాక, ఆమె మేనమామ మనుషులు కోదాడకు బయల్దేరారని ఎవరో చెప్పగా విన్న స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. అప్పటికి అది ఉత్త పుకారే. కానీ ప్రభుదాస్ నమ్మి భయపడ్డాడు. మునగాలలో బస్సు ఆగగానే దిగిపోయాడు. ఫోన్ ఆఫ్ చేసి, రోడ్డు అవతల నిలబడి, సూర్యాపేట బస్సు కోసం చెయ్యెత్తాడు.

మర్నాడు స్నేహితులు అడిగితే, "రాలేదురా" అన్నాడు. అంతే అన్నాడు. ఎవరు రాలేదో వాళ్లే అనుకున్నారు. భుజం మీద చెయ్యేశారు, టీ తాగించారు, ఆడపిల్లలంతా ఇంతేనని తిట్టారు. ఆ ఓదార్పు అతనికి హాయిగా అనిపించింది. తర్వాత అడిగినవాళ్లకూ అదే చెప్పాడు. చెప్పగా చెప్పగా, కోదాడ బస్టాండులో సిమెంటు బల్ల మీద తనే కూర్చుని దారి చూసినట్టు కళ్లకు కట్టసాగింది. ఎండ ఏ వైపు నుంచి పడిందో కూడా చెప్పగలిగేవాడు.

అందుకే పాట రాసేటప్పుడు అతని చెయ్యి ఎక్కడా ఆగలేదు. రికార్డింగులో మూడో చరణానికి గొంతు నిజంగానే పూడుకుపోయింది. పాట కింద జనం రాసిన మాటలు రోజూ చదువుకునేవాడు. వేలమంది ఆ పిల్లను శపించారు. బాగుపడదన్నారు. ఏనాటికైనా ఏడుస్తుందన్నారు. అవి చదువుతుంటే తనకు ఏదో న్యాయం జరిగినట్టు ఉండేది.

ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం షాపుకు ఒక మనిషి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. వెంట్రుకల్లో, కనుబొమల్లో తవుడు దుమ్ము. చేతిలో మోటరు లేదు. పాట రాసింది నువ్వేనా అని అడిగితే, అభిమానంతో వచ్చాడనుకుని ప్రభుదాస్ స్టూలు జరిపి టీ చెప్పాడు. టీ వచ్చాక, గ్లాసు చేతిలో పట్టుకుని ఆయన తన పేరు యోహాను అనీ, మిర్యాలగూడ రైస్ మిల్లులో ఆపరేటర్‌ననీ చెప్పాడు. శ్రీలత భర్తనన్నాడు.

యోహాను తొందరపడకుండా చెప్పుకొచ్చాడు. శ్రీలత అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. హుజూర్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఎవరో, పాటలో మచ్చ ఎవరిదో గుర్తుపట్టి చెప్పారు. అప్పటి నుంచి ఆమె ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని బోర్డు వైపు తిరిగితే, వెనుక బెంచీల్లో సన్నగా పాట మొదలవుతుంది. ఎండాకాలంలో మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు కుట్టించుకుంది. పరీక్షలయ్యే దాకా ఇంట్లో ఉండమని స్కూలు వాళ్లు మర్యాదగా చెప్పారు. ఇంట్లో యోహాను తల్లి జానమ్మ కోడలితో మాట మానేసింది. చర్చిలో కూడా వేరే వరసలో కూర్చుంటోంది.

"పెండ్లికి ముందే నాకు అంత చెప్పింది తమ్మీ," అన్నాడు యోహాను. "పొద్దున తొమ్మిదింటికి వచ్చి, వాళ్ల మామ తోలుకపోయేదాక ఆడనే కూసున్ననని. నేను నమ్మిన. నాకు సాక్ష్యం అక్కర్లేదు. మా అమ్మకు చెప్పనీకి, నీ నోటెంట ఒక్కమాట కావాలె. ఆ దినం ఎవలు రాలే?"

షాపు ముందు ఇద్దరు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. అంతకుముందే ప్రభుదాస్‌తో ఫొటో దిగి, ఇంకా కదల్లేదు. వాళ్ల చెవులు ఇటే ఉన్నాయి. ప్రభుదాస్ వాళ్లను చూశాడు, మళ్లీ బల్ల మీది రాగి తీగను చూశాడు.

"పాట పాటే అన్నా," అన్నాడు. "ఎవల మీద రాయలే. అండ్ల పేర్లు గీర్లు ఏం లేవు గదా."

యోహాను ఒక్క గుక్క కూడా తాగని టీ బల్ల మీద పెట్టి, లేచి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ వారం ప్రభుదాస్‌కు పని చేతికి రాలేదు. చుట్లు తప్పి, చివ్వెంల రైతు మోటరు ఒకటి బిగించిన గంటకే మళ్లీ కాలిపోయింది. అన్నం ముందు కూర్చుంటే తవుడు దుమ్ము పట్టిన ఆ కనుబొమలు కనబడేవి. పదమూడేళ్లుగా కళ్లకు కట్టిన సిమెంటు బల్ల మీద ఇప్పుడు తను కనబడడం మానేశాడు. తొమ్మిదింటి నుంచి పొద్దుగూకే దాకా ఆమె ఏం తిన్నదో, ఎన్ని బస్సుల్లో తన కోసం వెతికిందో, మామ వచ్చి రెక్క పట్టుకున్నప్పుడు ఏమన్నదో అతను ఎన్నడూ ఆలోచించలేదు. మునగాల నుంచి కోదాడ ఎంత దూరమని. అరగంట. ఆ అరగంట తను కూర్చోలేకపోయాడు.

ఒకరోజు మెట్లెక్కి పైకి పోయి, పాట తీసేయమని బద్రీనాథ్‌ను అడిగాడు. కారణం కూడా దాచకుండా చెప్పాడు. బద్రీనాథ్ మంచివాడే. ఇష్టం లేకపోయినా తీసేశాడు. కానీ అప్పటికే పాట ఎంతమంది చేతుల్లోనో ఉంది. ఒకచోట తీస్తే పదిచోట్ల లేచింది. మన దగ్గర ఉన్నంత వరకే అది మన పాట అని బద్రీనాథ్ అన్నాడు.

అయితే నిజమే చెబుతానని ప్రభుదాస్ కెమెరా ముందు కూర్చున్నాడు. ఆ పిల్ల వచ్చిందనీ, తనే పిరికితనంతో దారిలో దిగిపోయాననీ, పదమూడేళ్లు అబద్ధమాడాననీ చెప్పాడు. ఊరి పేరు గానీ, ఆమె పేరు గానీ పలకలేదు. వీడియో పెట్టి, వంద తిట్లకు సిద్ధపడి కూర్చున్నాడు.

ఒక్కరూ తిట్టలేదు. మోసం చేసిన పిల్ల పరువు కాపాడటానికి తప్పు తన మీద వేసుకుంటున్నాడని మెచ్చుకున్నారు. ఇంత మంచి మనసున్నవాణ్ని వదిలిపోయిందా అని ఆమెను ఇంకో విడత శపించారు. కొత్తవాళ్లు వెతుక్కుని మరీ పాట విన్నారు. ప్రభుదాస్ రెండో రోజు ఆ వీడియో కూడా తీయించేశాడు.

ఇక మిగిలింది ఒకటే. ఆదివారం పొద్దున మిర్యాలగూడ బస్సెక్కాడు.

మిల్లుల వెనుక సందులో ఇల్లు దొరికింది. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు. జానమ్మ గడప దగ్గర తెల్లచీరలో కూర్చుని ఉంది. యోహాను గుర్తుపట్టాడు గానీ లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. ప్రభుదాస్ వాకిట్లోనే నిలబడి, తనెవరో జానమ్మకు చెప్పాడు. బస్సెక్కడం నుంచి మునగాలలో దిగడం దాకా, ఫోన్ ఆఫ్ చేయడం, స్నేహితులతో అన్న మాట, పాట, మొన్న యోహానుతో షాపులో ఆడిన అబద్ధం, ఏదీ వదలకుండా చెప్పాడు. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూస్తుంటే గొంతు తగ్గించలేదు.

జానమ్మ గోడ వైపు ఒకసారి చూసింది.

"నీ పాట ఈ వాడంత విన్నది," అంది. "నీ మాట నేను, ఈ పక్కింటోళ్లు విన్నం. ఇప్పుడు వాడంతకు నేను తిరిగి చెప్పాల్నా బిడ్డా?"

జానమ్మ లోపలికి తిరిగి, "శ్రీలతా, గీడికి రా" అని పిలిచింది. నాలుగు నెలల్లో ఆమె కోడల్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలని యోహాను ముఖం చూస్తే తెలిసింది.

శ్రీలత వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. కొద్దిగా ఒళ్లు చేసింది. కణతల దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు. ప్రభుదాస్ క్షమించమనబోయాడు. ఆ మాట అంటే మళ్లీ తనే ఏదో అడిగినట్టవుతుందని నోరు మూసుకున్నాడు.

"ఆ దినం నీకు ఏమన్న అయిందేమో అనుకున్న," అందామె. "బస్సు పడ్డదేమో అని. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న. పాట విన్నంక తెలిసింది, నువ్వు సల్లగనే ఉన్నవని."

ప్రభుదాస్ ఇంకేం చేయమంటావని అడిగాడు.

"ఇంకో పాట రాయకు. నన్ను మంచిదాన్ని జేసి గూడ రాయకు."

అంతే అని లోపలికి వెళ్లిపోయింది. జానమ్మ కూడా లేచి ఆమె వెనకే వెళ్లింది.

యోహాను మెయిన్ రోడ్డు దాకా తోడు వచ్చాడు. నాగార్జున సాగర్‌లో ఒక స్కూలు వాళ్లు శ్రీలతను జూన్‌లో రమ్మన్నారని చెప్పాడు. అక్కడ రైస్ మిల్లులు లేవు కాబట్టి తనకు ఏ పని దొరుకుతుందో చూసుకోవాలట. పదిహేనేళ్లు చేసిన మిల్లు. బస్సు వచ్చే దాకా ఉండకుండా వెనక్కి తిరిగాడు.

జూన్‌లో వాళ్లు వెళ్లిపోయారని విన్నాడు ప్రభుదాస్. మళ్లీ పాట రాయలేదు. చర్చిలో అందరితో కలిసి పాడతాడు, ఒక్కడే పాడమంటే పాడడు. షాపుకొచ్చే కుర్రాళ్లు కొత్త పాట ఎప్పుడని అడుగుతుంటారు. మానేశానంటే జాలిగా చూసి, "గంత దెబ్బ కొట్టిందా అన్నా ఆ పిల్ల" అంటారు. అప్పుడు చేతిలో పని ఆపి, ఆ పిల్ల వచ్చిందనీ, పోనిది తనేననీ చెబుతాడు. అడిగిన ప్రతివాడికీ చెబుతాడు. నమ్మినవాడు ఇప్పటిదాకా ఒక్కడూ లేడు.