కౌంటరు కింద పాదాలు

"బొమ్మలేసేది పిల్లోళ్లు, పేరొచ్చేది బడికి, గోడ మాత్రం నాదా?" అన్నాడు రఘునాథ్, దోశె ముక్కను చెనక్కాయల ఊరిబిండిలో అద్దుకుంటూ.

నేను పొయ్యి దగ్గర ఇంకో దోశె తిరగేస్తున్నాను. ఆయనకు నా జవాబు అక్కర్లేదని తెలుసు. వేడి దోశె మాత్రం కావాలి. పక్కనే మా అత్త చంద్రకాంతమ్మ, కొడుకు తిన్నంతసేపూ కదలకుండా కూర్చునే మనిషి, "అంగట్లో దేవుడి పటాలుండే తావులో పిల్లోళ్ల పిచ్చిగీతలా?" అనింది. మాడిన దోశె నాకు పెట్టుకొని, ఎర్రగా కాలింది ఆయన పళ్లెంలో వేసినాను.

చిత్తూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో నేను డ్రాయింగ్ టీచర్ని. డ్రాయింగ్ టీచరంటే ఆగస్టు పదిహేనుకు ముగ్గేసేది, పై ఆఫీసర్లు వస్తే బోర్డు మీద పూలు గీసేది, లెక్కల టీచరు సెలవు పెడితే ఆ క్లాసుకు కాపలా ఉండేది. మా హెడ్మాస్టరు నన్ను ఎవరికి పరిచయం చేసినా "మా రూపశ్రీ మేడమ్ చెయ్యి చాలా చక్కగా తిరుగుతుంది సార్, ముగ్గులు చూడాల" అంటాడు. పిల్లలు వేసే బొమ్మలు స్టాఫ్ రూము బీరువా మీద బూజు పట్టిపోతుంటే చూడలేక, బజారు వీధి అంగళ్లలో నెల రోజులు తగిలిద్దామని నేనే అనుకున్నాను. 'మా వీధి' అని అంశం ఇచ్చినాను. మందులంగడి, బేకరీ, టైలరు, ప్లాస్టిక్ సామాన్ల కొట్టు, అన్నీ ఎక్కి దిగినాను. అందరూ ఒకటే మాట. "రఘునాథ్ ఇంటామె గదా, కాదంటే బాగుంటాదా?" ఇన్నేళ్ల నా ఉద్యోగానికి ఆ వీధిలో పేరు లేదు. చీరలంగడి రఘునాథ్ భార్యకే గోడలు దొరికినాయి.

ఆ రఘునాథ్ ఒప్పుకున్నది కూడా నాకోసం కాదు. వర్తక సంఘం ప్రెసిడెంటు వెంకటముని వచ్చి మా అంగట్లోనే రిబ్బను కత్తిరిస్తాడని, పేపర్లో ఫోటో పడుతుందని తెలిసినాక "సరే, కాణిపాకం వినాయకుడి బొమ్మ ఏదన్నా ఉంటే ఇయ్యి, బేరానికి మంచిది" అన్నాడు.

వినాయకుడి బొమ్మలు చాలానే వచ్చినాయి. కానీ తొమ్మిదో తరగతి స్టెల్లా తన చార్టును చుట్టచుట్టి తెచ్చి, అందరూ పోయినాక నా టేబుల్ మీద పరిచింది. పై సగమంతా చీరలే. జరీ అంచులు, నెమలికంఠం రంగు, చిలకపచ్చ, ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి. మనుషుల ముఖాలు లేవు. కింది సగంలో కౌంటరు లోపలివైపు, వరసగా ఆడవాళ్ల పాదాలు. పగిలిన మడమలు, ఉబ్బిన చీలమండలు. ఒకామె కాలు ఎత్తి రెండో కాలి పిక్కకు ఆనించుకొని ఉంది, కాసేపు దానికి, కాసేపు దీనికి అన్నట్టు.

"కాళ్లు బాగొచ్చినాయా మిస్? మాయమ్మ ఇంటికొచ్చి చాపుకున్నప్పుడు చూసి గీసినా."

స్టెల్లా వాళ్లమ్మ గ్రేసమ్మ మా అంగట్లోనే చీరలు చూపిస్తుంది.

"ఇది మాయమ్మ పనిచేసే అంగట్లోనే పెట్టండి మిస్. ఆయమ్మ చూసుకుంటాది."

ఏం జరుగుతుందో నాకు తెలియదని చెప్పను. తెలిసే తీసుకున్నాను. ఆ పాదాల్ని నేను యాడనో చూసినట్టనిపించింది. నా పాదాలే. ఏడో నెల కడుపుతో, అరవోళ్ల ఆడి నెల తగ్గింపు సీజనులో అదే కౌంటరు వెనక నిలబడినాను. గుడియాత్తం నించి, వేలూరు నించి జనం విరగబడి వస్తుంటే, నా చెప్పుల్లో కాళ్లు పట్టక ఒట్టి కాళ్లతో నిలబడి మడతలు విప్పినాను. ఒక స్టూలు వేయించండి అంటే, రఘునాథ్ చుట్టూ చూసి, నా చెవిదగ్గర అన్నాడు, "ఓనరు పెండ్లామే కూర్చుంటే పనోళ్లు నిలబడతారా?" జీతం లేకుండా నిలబడింది నేనొకతెనే.

రఘునాథ్ రిబ్బను పనిలో ఉండగా స్టెల్లా బొమ్మను గోడకు నేనే తగిలించినాను. రిబ్బను కత్తిరించినాక వెంకటముని కళ్లద్దాలు సర్దుకొని దాని ముందు నిలబడినాడు. తర్వాత పెద్దగా నవ్వినాడు. "ఏందప్పా రఘునాథ్, నీ అంగట్లో లక్షల సరుకుండాది, ఒక స్టూలు లేదా?" వెనక ఉన్న వర్తకులందరూ నవ్వినారు. రఘునాథ్ కూడా నవ్వినాడు. ఆ నవ్వు ఇంటికొచ్చినాక నాకేమవుతుందో నాకు బాగా తెలుసు. పెళ్లి చీరలకు వచ్చిన ఒక పెద్దామె మాత్రం నవ్వలేదు. కౌంటరు మీద నించి వంగి కిందికి చూసి, "కూర్చోమ్మా, మేం తొందరేం పడటంలేదు. కూర్చొనే చూపించు" అనింది గ్రేసమ్మతో. గ్రేసమ్మ ఆమెను చూడలేదు. రఘునాథ్‌ను చూసింది. "పర్వాలేదమ్మా, అలవాటే" అని ఇంకో చీర విప్పింది.

ఇంటికొచ్చినాక ఆయన చెప్పులు విప్పకముందే మొదలుపెట్టినాడు.

"నా అంగట్లో, నా గోడ మీద, నా మొగం మీదనే ఉమ్మేయించినావు గదే! ఊరికే గీసిందా ఆ పాప? నువ్వే నేర్పించినావు."

"అంగట్లో ఆడోళ్లు కాళ్లు బార్లా చాపుకొని కూర్చుంటే లక్ష్మి నిలుస్తాదా?" అనింది అత్త, సోఫాలో కాళ్లు పైకి పెట్టుకొని.

"రేపు ఆ పాప వచ్చి నాకు సారీ చెప్పల్ల. పనోళ్లందరి ఎదురుగా. లేదంటే వాళ్లమ్మకు పని లేదు. నువ్వే పిలుచుకొని రా."

మర్నాడు హెడ్మాస్టరు కూడా అదే అన్నాడు. రఘునాథ్ ఆయనకు పొద్దున్నే ఫోను చేసినాడట. "మీ ఇంటి గొడవ బడిదాకా తేవొద్దమ్మా. చిన్నపిల్ల, ఒక మాట సారీ అంటే నోరు అరిగిపోతుందా? మీరు చక్కగా ముగ్గుల పోటీ పెట్టుంటే ఇంత రచ్చ ఉండేదా?" అంత మర్యాదగా నన్ను ఎవరూ చెంప మీద కొట్టలేదు.

నేను స్టెల్లాను పిలుచుకొని పోలేదు. వాళ్లమ్మే పిలుచుకొని వచ్చింది. నేను అంగడికి పోయేసరికి బొమ్మ గోడ మీద లేదు. చుట్టి, చెత్తబుట్ట పక్కన నిలబెట్టినారు. రఘునాథ్ గల్లాపెట్టె దగ్గర పరుపు మీద కూర్చొని ఉన్నాడు. స్టెల్లా యూనిఫాంలో, తల వంచుకొని ఉంది. తక్కిన ఆడవాళ్లు కౌంటరు వెనక నిలబడి చూస్తున్నారు.

"సెప్పు పాపా, సెప్పేయ్. సార్ మంచోడే" అంటోంది గ్రేసమ్మ. బిడ్డ వీపు మీద చెయ్యేసి ముందుకు నెట్టింది.

"నేను అబద్ధం గీసినానా మా?" అని అడిగింది స్టెల్లా.

"నోర్మూయ్."

"గ్రేసమ్మా, చెప్పించొద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉండింది. "ఆ పాప తప్పేం చెయ్యలేదు."

గ్రేసమ్మ నా వైపు తిరిగింది. ఆ కళ్లల్లో కోపం నేను ఊహించనిది. "మీకేం మేడమ్! బొమ్మ తగిలించి పోతిరి. రేపు మీరిద్దరూ ఒకటైతారు. మధ్యలో పోయేది నేను."

అప్పటిదాకా ప్రతిసారీ జరిగింది అదే.

రఘునాథ్ పరుపు మీద నించి లేచినాడు. "పనామెకున్న బుద్ధి నీకు లేదు. ఎవరి అంగట్లో నిలబడి ఎవరికి చెప్తా ఉండావు? ఎవరిదనుకుంటుండావు ఈ అంగడి?"

"నాది" అన్నాను.

అదేం పౌరుషానికి అన్న మాట కాదు. నిజం. అంగడి పెట్టేటప్పుడు ఆడవాళ్ల పేరు మీదైతే లోను తొందరగా వస్తుందని, లైసెన్సు, పన్ను, బ్యాంకు ఖాతా అన్నీ నా పేరు మీదనే పెట్టించినాడు ఆయన. ఏడాదికోసారి ఆడిటర్ కాగితాలు వంటింట్లోకే తెచ్చేవాడు. పిండి చేతులు తుడుచుకొని సంతకాలు చేసి, మళ్లీ పిండి కలుపుకొనేదాన్ని. అందులో రాసింది నిజమని నేనే ఎప్పుడూ నమ్మలేదు.

"కాగితం మీద పేరుంటే ఓనరైపోతావా?"

"బ్యాంకోళ్లు అట్లనే అనుకుంటుండారు. కావాలంటే అడుగుదాం పదండి."

బేరానికి వచ్చిన వాళ్లు గడపలోనే ఆగిపోయినారు. ఆయన నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. ఎదురుగా జనం ఉన్నారు. తాళాలగుత్తి కౌంటరు మీద విసిరేసి, "నువ్వే ఏలుకో. ఇంటికెట్ల వస్తావో నేనూ చూస్తా" అని మెట్లు దిగి పోయినాడు. కాసేపటికే అత్త ఫోను చేసింది. ఎత్తలేదు. ఇంట్లో నాకోసం ఏం కాచుకొని ఉందో తెలుసు. సాయంత్రం పోవాల. పోతాను. భయం లేదని చెబితే అబద్ధం అవుతుంది.

స్టెల్లా చార్టు విప్పి, నలిగిన మూల అరచేత్తో సాపు చేసి, ఎక్కడ తీసినారో అక్కడే మేకుకు తగిలించింది. నేను ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ సామాన్ల కొట్టుకు పోయి, ఒకరికొకటి లెక్కన ఎత్తు స్టూళ్లు తెచ్చి కౌంటరు వెనక వేయించినాను. ఎవరూ ముట్టుకోలేదు. నేను ఆ అంగట్లో ఉన్నన్నాళ్లూ గ్రేసమ్మ పని ఎవరూ తీసెయ్యరని చెప్పినాను. ఆమె నమ్మలేదు. నమ్మాల్సిన పని ఆమెకు లేదు కూడా.

పెళ్లివాళ్లు ఎవరో లోపలికొచ్చి, ఎరుపు చూపించమన్నారు. గ్రేసమ్మ చీర అందుకొని, ఒకసారి వాకిలి వైపు చూసి, స్టూలు అంచు మీద కూర్చుంది. ఎవరన్నా కసిరితే చటుక్కున లేచేటట్టు, సగం ఒళ్లు గాల్లోనే ఉంది.

"అట్ల కాదు గ్రేసమ్మా, ఒళ్లు వదిలేసి కూర్చో" అన్నాను.

"మీరు కూర్చొని చూపించండి మేడమ్" అనింది, నా వైపు చూడకుండానే.

ఇంకో స్టూలు లాక్కొని కూర్చున్నాను. నాకూ అట్లా కూర్చోవడం రాదని అప్పుడు తెలిసింది.