లిస్టులో లేని ఊరు

చంద్రికకు ఎక్సెల్‌లో మాక్రోలు, అంటే పనులు వాటంతటవే జరిగేలా కోడు రాయడం, ఎవరూ నేర్పలేదు. బీరంగూడలో ఇంటి పనంతా తెమిలాక ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని, ఆపి ఆపి ఒక్కో లైను రాసుకుంటూ తానే నేర్చుకుంది. పటాన్‌చెరు అవతల ఫ్యాన్ మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, హెచ్ఆర్ ఆఫీసులో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. కంపెనీ బస్సుల సంగతి వచ్చేదాకా ఆమెకు ఈ విద్య ఉందని అక్కడ ఎవరికీ తెలియదు.

ఎవరికి ఏ స్టాపులో బస్సు కావాలో ఇదివరకు కాగితం మీద రాసి ఇచ్చేవారు. ఒకే ఊరి పేరు తలా ఒక రకంగా రాసేవారు. అవన్నీ సరిచూసేసరికి చంద్రికకు తల ప్రాణం తోకకొచ్చేది. అందుకని ఈసారి ఎక్సెల్‌లో ఒక ఫారం చేసింది. పై డబ్బాలో రూటు ఎంచుకుంటే చాలు, కింది డబ్బాలోకి ఆ రూటు స్టాపులన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. స్టాపుల పేర్లు పక్క షీటులో ఉంటాయి. కోడు అక్కడినుంచి తెచ్చి డబ్బాలో నింపుతుంది. వచ్చినవాళ్ళు తమ ఊరి పేరు నొక్కితే సరిపోతుంది.

మేనేజరు మురళీమోహన్ నొక్కి చూసి మురిసిపోయాడు. "మంచిగుందమ్మా! నువ్వే చేసినవా?" అన్నాడు. ఆ రోజంతా ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు.

గేటు దగ్గర కంప్యూటరు పెట్టి అందరిచేతా నింపించారు. లెక్క తీస్తే, బస్సు ఆఖరి స్టాపైన లక్డారం పేరు ఎదురుగా ఒక్కరు కూడా లేరు. ఎవరూ ఎక్కని చోటికి బస్సు దేనికని, సోమవారం నుంచి బస్సు ఇస్నాపూర్ దాకానే వెళ్తుందని మురళీమోహన్ నోటీసు అంటించాడు.

ఆ మధ్యాహ్నమే జ్యోతి ఆఫీసుకు వచ్చింది. లక్డారం నుంచి వచ్చి, మోటార్లకు తీగ చుట్టే లైనులో పనిచేస్తుంది. తినీ తినక వచ్చినట్టుంది, చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

"అక్కా, మా బస్సెందుకు బంద్ జేసిన్రు?"

"మీ ఊరోళ్ళు ఒక్కరన్న నింపలే గద జ్యోతీ. మీకు వద్దేమో అనుకున్నం."

"గదేందక్కా! అందరం లైన్ల నిలవడి నింపినం. దాంట్ల మా ఊరే లేకపాయె. గేటు కాడ సెక్యూరిటాయన్ని అడిగితే, దగ్గర్ల ఏదుంటే గది నొక్కుండ్రి అన్నడు. ఇస్నాపూర్ నొక్కినం. ఇగ రెండో షిఫ్టు దిగి ఇస్నాపూర్ కాడికెల్లి చీకట్ల నడుసుకుంట పోవాల్నా? మా అత్తమ్మ పనే బంద్ వెట్టుమంటున్నది."

"లేకపోవుడేంది? నేనే రాసిన. ఇగో, సూడు," అంటూ చంద్రిక షీటు తెరిచింది. లక్డారం ఉంది. ఫారం తెరిచి రూటు నొక్కింది. పేర్లు గబగబా దిగి, ఇస్నాపూర్ దగ్గర ఆగిపోయాయి. దాని కింద ఏమీ లేదు.

కోడు తెరిచేసరికి సంగతి తెలిసింది. మొదట రాసినప్పుడు షీటులో ఆ రూటుకు ఇస్నాపూరే ఆఖరి పేరు. ఆ వరుస దాకానే చదవమని అంకె వేసి మరీ రాసింది. తర్వాత డ్రైవరు అంజయ్య గుర్తుచేస్తే షీటులో లక్డారం చేర్చింది గానీ, కోడులో అంకె మార్చడం మరిచిపోయింది.

కంప్యూటరు సతాయించిందని చెబితే జ్యోతి నమ్ముతుంది, మురళీమోహన్ కూడా నమ్ముతాడు. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం చూస్తే ఆ మాట నోటికి రాలేదు.

"తప్పు నాదే జ్యోతీ. మీ ఊరు షీటుల రాసిన గని, కోడుల మార్సలే."

"మల్ల సక్కగైతదా?"

"అయితది. జెర కూసో."

ఈసారి అంకె వేయలేదు. ఆఖరి పేరు ఎక్కడుందో వెతుక్కుని అక్కడిదాకా తెమ్మని రాసింది. తొందరలో, నింపేముందు డబ్బా ఖాళీ చేసే లైను కూడా చెరిపేసినట్టుంది. రెండోసారి రూటు నొక్కగానే పాత పేర్ల కింద కొత్తవి వచ్చి చేరాయి.

"ఇంతసేపు మా ఊరే లేకుండె, ఇప్పుడు రెండైనయ్!" అని జ్యోతి పకపకా నవ్వింది. చంద్రికకూ నవ్వొచ్చింది. ఆ లైను తిరిగి పెట్టాక లిస్టు కుదురుకుంది.

తిన్నగా మురళీమోహన్ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన ముఖం చిట్లించాడు.

"బస్సులోళ్ళకు చెప్పేసిన గదమ్మా. ఇప్పుడు నేనేమని చెప్పాలె?"

"షిఫ్టు మారేటప్పుడు నేనే బస్సు కాడికి పోయి మల్ల నింపిస్త సార్. లెక్క సూసి మీరే చెప్పుండ్రి."

ఆయన గోడ గడియారం చూశాడు. "పో. జల్దీ తీస్కరా," అన్నాడు.

సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని బస్సు దగ్గరికి వెళితే, అంజయ్య తన సీటు పక్కన చోటు చూపించి, "ఈడ వెట్టు బిడ్డా," అన్నాడు. ఎక్కేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నొక్కారు. ప్రతి ఒక్కరినీ చంద్రిక, "మీ ఊరు కనవడుతున్నదా?" అని అడిగింది. లక్డారం వాళ్ళే సగం బస్సు ఉన్నారు.

ఆ లెక్క చూసి మురళీమోహన్ బస్సులవాళ్ళకు ఫోన్ చేశాడు. తర్వాత తానే వెళ్ళి నోటీసు పీకేశాడు. తిరిగొచ్చి, "లీవు ఫారం గూడ నువ్వే చెయ్యి. కాకపోతే గేటు కాడ పెట్టేముందు, నింపేటోళ్ళతోని ఒకసారి నొక్కించి చూడు," అన్నాడు. కోప్పడతాడనుకున్న చంద్రిక సంబరంగా తల ఊపింది.

లీవు ఫారం తయారయ్యాక ముందుగా జ్యోతినే పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. జ్యోతి మౌసు పట్టుకుని కారణాల డబ్బా తెరిచింది. పెళ్ళి, పండుగ, ఒంట్లో బాగాలేదు, ఊరికి వెళ్ళాలి... ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది.

"అక్కా, పిల్లకు జరమొస్తే ఏది నొక్కాలె?"

చంద్రిక షీటులో అన్నిటికన్నా కింద 'పిల్లలకు బాగాలేదు' అని రాసి, కోడు ముట్టుకోకుండానే ఫారం మూసి తెరిచింది.

"ఇప్పుడు సూడు," అంది.

"ఆఁ, వచ్చింది," అని జ్యోతి కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. "ఆగక్కా, ఇంకొకటున్నది."