ఒంటి వెంట్రుక గింజ

ఇలా రండర్రా, దగ్గరికి జరగండి. ఆ గుమ్మంలో కూర్చున్నదానివి నువ్వు కూడా రా, ఇది గట్టిగా అరిచి చెప్పే కథ కాదు.

మన ఊళ్ళో ఎపిఫానియా అని ఒకావిడ ఉండేది. మేకలు కాసే మనిషి. కొండచరియల్లో రాతి పగుళ్ళలోంచి వేలాడే పసుపు పూలున్నాయే, చిటికెన వేలి గోరంత రేకులతో, వాటి సంగతి ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మేకల దొడ్డి వెనక తెల్లకొండ మీదా అవే పూలు, వాగు దాటి పూటంతా నడిస్తే వచ్చే ఎర్రకొండ మీదా అవే పూలు అనుకుంటాం మనం. కాదు. ఆకు నలిపి చూడమనేది ఆవిడ. తెల్లకొండ ఆకు మేక కంపు కొడుతుంది. ఎర్రకొండ ఆకు వేళ్ళకి జిగురులా అంటుకుని నిమ్మతొక్క వాసన వేస్తుంది. వాళ్ళమ్మ నేర్పిన విద్య అది.

మే నెలలో శిలువ పండగకి గుడిలో శిలువకి వేసే దండ ఎర్రకొండ పూలతోనే కట్టాలి. ఆ పూలు తెచ్చే హక్కు ఎపిఫానియాది. ఎండిన దండల్ని పారేయకుండా గోడకి మేకు కొట్టి తగిలించేవాళ్ళు.

ఆ దండల కోసమే టీచరమ్మ రొసేందా మన ఊరికి వచ్చింది. నగరంలో పెద్ద కాలేజీలో మొక్కల చదువు చెప్పే మనిషి. అంతకు మూడేళ్ళ ముందు ఇటు వచ్చినప్పుడు గోడ మీది దండలోంచి ఒక ఎండుపువ్వు తీసి భూతద్దం కింద పెడితే, గింజ నెత్తిన ఒకే ఒక్క వెంట్రుక ఉందట. చుట్టుపక్కల కొండల పూల గింజలన్నిటికీ రెండేసి, చీమ మీసాల్లాగా. ఇది ఎర్రకొండ మీద తప్ప లోకంలో ఎక్కడా లేని వేరే జాతేమోనని ఆవిడ ఆశ. ఆవిడ మళ్ళీ వచ్చిన ఏడే రోడ్డు వేసేవాళ్ళు రాయి కోసం ఎర్రకొండని పేల్చడానికి అనుమతి అడిగారు. వేరే జాతి అని తేలితే కొండ దక్కుతుంది, లేకపోతే లేదు.

తీరా ఈసారి వచ్చి గత రెండేళ్ళ దండలు చూస్తే వాటిలో రెండేసి వెంట్రుకలు! టీచరమ్మ తలపట్టుకుంది. "ఎపిఫానియమ్మా, నేనివాళ అవతలి లోయకి వెళ్ళాలి, రేపు తిరిగెళ్ళిపోతాను. రెండు కొండల నుంచీ గింజ పట్టిన పూలు తెచ్చిపెడతారా? వేటికవి విడిగా కట్టండి."

"దానికేముందమ్మా, సాయంత్రానికి తెస్తా," అంది ఎపిఫానియా.

తెచ్చింది. రెండు మూటలూ తెచ్చింది. రెండూ తెల్లకొండవే.

మోకాళ్ళు పోయి రెండేళ్ళయింది ఆవిడకి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే పూల హక్కు ఇంకొకరికి పోతుందని భయం. శిలువకీ ఆ రెండేళ్ళూ తెల్లకొండ పూలే కట్టింది, పొద్దున్నే వెళ్ళి వాగు గట్టున సాయంత్రం దాకా కూర్చుని, అలసినట్టు నడిచి వచ్చి.

మర్నాడు పొద్దున ఎపిఫానియా వంటింట్లో టీచరమ్మ భూతద్దం పెట్టుకుని గింజలు చూస్తోంది. పక్కన నికనోరా చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎపిఫానియా కూతురికి జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా నిలబడింది ఈవిడే. అప్పట్నుంచి ఇద్దరూ ఒకరికొకరు కొమాద్రేలు, అంటే ఒకే బిడ్డకి తోడు తల్లులు.

"మా కొమాద్రేని చూడండి టీచరమ్మా, అరవై దాటినా మేకలకి పాఠాలు చెబుతుంది ఎక్కడంలో! నేనైతే మంచం ఎక్కడానికే దేవుణ్ణి తలుచుకుంటా."

టీచరమ్మ నవ్వలేదు. రెండో మూట కూడా చూసి అద్దం కింద పెట్టేసింది. "అన్నీ రెండేసే. మొదట దొరికింది ఏదో తేడాగా పుట్టిన గింజ అయ్యుంటుంది. మూడేళ్ళు వెర్రిదానిలా తిరిగాను." పుస్తకం తెరిచి, రాసుకున్న కాగితం మీద అడ్డంగా గీత పెట్టబోయింది.

పెనం మీద రొట్టె మాడుతోంది. ఎపిఫానియా తిప్పలేదు. ముఖం పొయ్యి కన్నా వేడెక్కింది.

"గీత పెట్టకమ్మా. నేను ఎర్రకొండకి వెళ్ళలేదు."

"ఏంటీ?"

"రెండూ దొడ్డి వెనకవే. నాకు తెలిసే తెచ్చా. వాసన చూడకపోయినా తెలుసు నాకు. ఎక్కలేను నేనిక."

నికనోరా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "మరి శిలువకి?"

"అవీ ఇవే. రెండేళ్ళుగా."

కిందటేడు మనవరాలికి జబ్బు చేసినప్పుడు నికనోరా మొక్కుకుని ఆ దండనే నెత్తిన పెట్టుకుని చెప్పుల్లేకుండా ఊరంతా తిరిగింది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. "కాళ్ళు నొప్పులని నాతో ఒక్క మాటంటే నీ నోరేం అరిగిపోయేదే? నిన్ను మోసుకెళ్ళేదాన్ని కదే!" అని చిక్కుళ్ళ బుట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

టీచరమ్మ ప్రయాణం మానుకుంది. తన బండిలో ఎపిఫానియాని ఎర్రకొండ అడుగుకి తీసుకెళ్ళి, తాడు కట్టుకుని తనే ఎక్కింది. ఎపిఫానియా కింద రాయి మీద కూర్చుని "ఎడమకి, ఆ పగులు కింద," అని చెబుతూనే ఉంది. దిగొచ్చాక అద్దం ఆవిడ కంటికి పెట్టారు. గింజ నెత్తిన ఒంటి వెంట్రుక. పుట్టినప్పట్నుంచీ తెలిసిన పువ్వే అది, కానీ అంత దగ్గరగా అప్పుడే చూసింది. అద్దం టీచరమ్మ చేతికి తిరిగిచ్చేసింది. "ఆ మూటల మీద నా పేరే రాయమ్మా. రెండూ తెల్లకొండవేనని కూడా రాయి," అంది.

ఎర్రకొండ ఇంకా అక్కడే ఉంది, చూస్తున్నారుగా. టీచరమ్మ ఏటా వచ్చేది, ఎపిఫానియాని పక్కన కూర్చోబెట్టుకుని ఆకులిచ్చి ఏది ఏదో అడిగేది. ఒక్కసారీ తప్పు చెప్పలేదావిడ. అయినా టీచరమ్మ ప్రతిసారీ అద్దం తీసి మళ్ళీ చూసుకునేది. ఎపిఫానియా అటు తిరిగి కూర్చునేది.

ఆ గొడవ జరిగిన మరుసటి పండగకి నికనోరా కూతురు కొండెక్కి పూలు తెచ్చింది. దండ కట్టేముందు నికనోరా ఒక ఆకు నలిపి గుడిలో అందరి ముందూ ఎపిఫానియా ముక్కు దగ్గర పెట్టింది. "చెప్పవే కొమాద్రే, ఏ కొండది?" ఆడవాళ్ళంతా నవ్వారు. ఎపిఫానియా తల దించుకునే వాసన చూసింది. "ఎర్రకొండదే," అంది మెల్లిగా. నికనోరా పక్కకి జరిగి దండ కట్టేవాళ్ళ మధ్య ఆవిడకి చోటిచ్చింది.

గుర్తుపెట్టుకోండర్రా. మీ పిల్లలకి చెప్పేటప్పుడు ఆకు వాసన ఒక్కటే చెప్పి ఊరుకోకండి. వాగు గట్టున సాయంత్రం దాకా కూర్చున్న సంగతి కూడా చెప్పండి. అది కూడా చెప్పమని నన్నడిగింది ఎపిఫానియానే.