గోడ మీద గీతలు

పొద్దు నడినెత్తికొచ్చే వేళకు జ్ఞానమణి జొన్నసంగటి కెలికి దించి, ఒక ముద్ద అత్త ముందర పెట్టి, ఇంకొకటి తను పట్టుకుని గోడకు ఎదురుగా కూర్చునేది.

ఓర్వకల్లు దగ్గర రాళ్ళగుట్టల కింద ఉన్న ఆ చిన్న పేటలో అన్ని మట్టి మిద్దెలకూ ఉన్నట్టే ఆ మిద్దెకూ వెలుతురు కోసం పైకప్పులో గవాచి అనే కంత ఒకటి ఉంది. గవాచి మీద అడుగు తీసేసిన కుండ బోర్లించి ఉంది. వాన వస్తే మూయడానికి పక్కనే ఒక నాపబండ. దాన్ని కదిపి రెండేండ్లయింది. దాని కింద ఒక తేలు పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు పెద్దవై ఎటో వెళ్ళిపోయాయి కూడా.

ఆ ఆఖరి వానకు జ్ఞానమణి మొగుడు ఏసేపు ఇంట్లోని చట్టీ, చెంబు, తపేలా అన్నీ వాకిట్లో వరుసగా పెట్టి, చివరికి ఉప్పుకుండ మూత కూడా తెచ్చి వెల్లకిలా పెట్టాడు.

"మూతలో ఎన్ని నీళ్ళు పడ్తాయంట?" అని ఆమె నవ్వింది.

"మనకు గాదులేమే, కోడికి" అన్నాడు.

మధ్యాహ్నం గవాచిలోంచి దిగిన ఎండ నేల మీద పడి, అక్కడినుంచి గోడకెక్కేది. ఎక్కి, ఆ ఇంటి మనిషి ఎవరు దూరాన ఉంటే వాళ్ళుండే చోటు చూపించేది. కుండెడు సంగటి ఉడికేంతసేపు. చప్పుడుండదు, బొమ్మ ఒకటే. ఆ ఇంట్లో అది మొదటినుంచీ ఉన్నదే. అత్త విశ్వాసమ్మ కొత్తకోడలుగా వచ్చినప్పుడు, గుంతకల్లు పక్క రైలుకట్ట పనిలో ఉన్న ఆమె మామ గోడ మీద మట్టి తట్టలు మోస్తుంటే, "పైట సరిగ్గా కప్పుకోవే, మామ ఎదురుగా ఉండాడు" అని వాళ్ళత్త గదమాయించిందట.

ఇప్పుడు దూరాన ఉన్నది ఏసేపు. యుద్ధం పనికి మనుషులు కావాలంటే పోయి, అస్సాం అవతలి కొండల్లో దండు బండ్లకు దారి వేస్తున్నాడు. పోయి ఏడాదిన్నర. రోజూ కనిపించేవాడు. రాయి కొడుతూ, బీడీ కాలుస్తూ, ఒకసారి కాలికి గుడ్డ కట్టుకుని. ఆమె తింటూ చూసేది.

ఎండాకాలం చివర్లో బొమ్మ చెడిపోయింది. మొదట మసక కమ్మింది. ఆ తర్వాత పైనుంచి కిందికి గీతలు. తెల్లగా, సన్నగా, ఎడతెగకుండా. గీతల వెనక నల్లని నీడలు కదిలేవి గానీ మనిషో చెట్టో తెలిసేది కాదు.

గోడకు సుద్ద పూశారు. గవాచిలో బూజు దులిపారు. వాకిట్లోంచి వెలుగు రాకుండా గోనెపట్ట కట్టారు. ఏమీ బాగుపడలేదు. చివరికి పేటలో మిద్దెలకు చౌడుమన్ను వేసే పెద్ద ఈరన్నను పిలిచారు. ఆయన పైకెక్కి కుండను అటూ ఇటూ తిప్పాడు.

"ఇప్పుడెట్లుండాదమ్మా?"

"అట్లే ఉండాది మామా!" కింది నుంచి జ్ఞానమణి.

"ఇప్పుడు?"

"గీతలు పక్కకు వాలినాయి."

"ఇప్పుడో?"

"మల్లా అట్లే."

"కుండ బాగానే ఉండాది. మీ గోడకే ఏదో రోగమొచ్చింది" అని ఈరన్న దిగిపోయాడు.

విశ్వాసమ్మ లేచి అరచేత్తో గోడ మీద రెండు దెబ్బలు వేసింది. పక్కింటి సుబ్బరత్నమ్మ తలుపు దగ్గర నిలబడి, "మెల్లగా, వదినా. నీ కొడుకు చెంప మీద తగుల్తాదేమో" అంది. ఎవరికీ నవ్వు రాలేదు.

రెండు నెలలు గడిచాయి. ఉత్తరం ముక్క కూడా రాలేదు. ఒకరోజు విశ్వాసమ్మ గోడకేసి చూడకుండానే అంది: "మీ మామ గనుల్లో పాయె గదా, అప్పుడు గూడా ఇట్లే మసకబారె. తర్వాత ఉత్త గోడ."

జ్ఞానమణి ఊ అంది. ఆ రోజు రొట్టె కాలుస్తుంటే పెనం తగిలి చేయి కాలింది. వాసన వచ్చాక చూసుకుంది. నొప్పి లేదు. ఏడుపూ రాలేదు, ఏడుపు రాలేదే అన్న దిగులూ రాలేదు. నిద్ర వస్తే పడుకునేది, కోడి కూస్తే లేచేది.

మాట రాయచోటికి పాకి, వారం తిరక్కుండా అక్కడి బడిలో పనిచేసే ఆమె అన్న దావీదురాజు వచ్చాడు.

"మణీ, ఎన్నాళ్ళని గోడ చూస్తా కూసుంటావు? ఆడ మా బడిలో ప్రకాశం పంతులుండాడు. భార్య పోయి మూడేండ్లాయె. ఇద్దరు బిడ్డలు. మంచోడు, కోపం తెలీదు. ఏమంటావు?"

"సరే అన్నా."

ఆమె అంత తొందరగా అనేసరికి ఆయనకే ఏదోలా అయింది. విశ్వాసమ్మ అడ్డు చెప్పలేదు. "పొమ్మనడానికి నోరు రాదు, ఉండమనడానికి మొగం లేదు" అంది. ఏసేపు కోసం ఆదివారం ఆరాధన తర్వాత మరణ ప్రార్థన చేయించి, అటునుంచే బండి కట్టాలనుకున్నారు. పోయినట్టు సర్కారు కాగితం రాలేదు గదా అని చర్చి అయ్యగారు తటపటాయిస్తే, "గోడే చెప్పినాక ఇంగ కాగితమెందుకయ్యా?" అన్నారు సంఘం పెద్దలు. అయ్యగారికీ అది సబబుగానే తోచింది.

శనివారం జ్ఞానమణి రెండు చీరలు, బైబిలు ట్రంకుపెట్టెలో సర్దింది. సంగటి కెలికి మూడు ముద్దలు చేసింది. అలవాటు కొద్దీ గోడకు ఎదురుగా కూర్చుంది. గీతలు పడుతున్నాయి. అందరూ ఇన్నాళ్ళూ గోడ నడిమధ్య, మనిషి నిలబడే ఎత్తులో చూశారు. ఆ రోజు ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. గోడ అడుగున, మూలకు చూస్తూ నములుతోంది.

అక్కడ నేల మీద ఏవో వరుసగా ఉన్నాయి. డబ్బాలు. దండువాళ్ళ తిండిపళ్ళేలు రెండు. వెల్లకిలా పెట్టిన ఇనుపటోపీ. చివరన, ఎడంగా, ఒక చిన్న రేకు మూత.

పక్కనుంచి ఒక చేయి వచ్చింది. నిండి పొర్లుతున్న డబ్బాను జరిపి, దాని చోట ఖాళీది పెట్టి వెనక్కి పోయింది.

"అత్తా, వాన" అంది జ్ఞానమణి.

"యాడ? ఓ రాజూ, పైకెక్కి బండ మూయప్పా!"

"ఈడ గాదు. ఆడ. అవి గీతలు గాదు, వాన."

దావీదురాజు ముద్ద చేతిలోనే పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు. "పిచ్చిదానా, వానైతే ఒక గడియ పడి పోతాది. రెండు నెలలు ఆగకుండా పడే వాన యాడన్నా ఉంటాదా?"

అలాంటి వానను వాళ్ళలో చూసినవాళ్ళు లేరు.

విశ్వాసమ్మ మోకాళ్ళ మీద వంగి, గోడ మూలకు ముఖం ఆనించి ఒక్కొక్కటే చూసింది. మూత దగ్గర ఆగింది.

"అన్ని నీళ్ళలో ఉండి గూడా మూత పెట్టినాడే!" అంది. "ఇంగెవురు పెడ్తారు? మావోడే."

జ్ఞానమణి లేచి ట్రంకుపెట్టెలోంచి చీరలు తీసి దండెం మీద వేసింది.

"నేను రాను అన్నా."

దావీదురాజు కాసేపు గోడకేసి, కాసేపు చెల్లెలికేసి చూసి, మిగిలిన ముద్ద తిని చేయి కడుక్కున్నాడు. మర్నాడు మరణ ప్రార్థన జరగలేదు. ఆయన ఒక్కడే బండెక్కి పోయాడు. "కుండ బాగానే ఉండాదని నేను ఆ పొద్దే చెప్తి గదా" అని పెద్ద ఈరన్న పేటంతా తిరిగాడు.

సోమవారం మధ్యాహ్నం జ్ఞానమణి ఉప్పుకుండ మూత తీసుకుని, బొమ్మ అడుగున, గోడకు ఆనించి వెల్లకిలా పెట్టింది. ఎండ దిగిపోయి బొమ్మ మాయమయ్యాక చూస్తే, మూతలో కోడి తాగేటన్ని నీళ్ళున్నాయి. కోడి వచ్చి తాగింది, ఇంకా రెండు చుక్కలు మిగిలాయి. ఆమె వేలు ముంచి, చేతి మీద కాలినచోట రాసుకుంది.

చేయి కాలి పదకొండు రోజులు. అప్పుడు తెలిసింది మంట.